చదువు లేదని చెప్పాం సరే, పని ఎలా నేర్చారో అడిగామా?



పావగడ అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి మూడే. కరువు, శనీశ్వరుని గుడి, ఈ మధ్య తిరుమణి చుట్టుపక్కల సుమారు 13,000 ఎకరాల్లో పరుచుకున్న సోలార్ పార్కు. మా లెక్కలో నాలుగోది కూడా ఒకటుంది. ఏ కాలేజీ మెట్లూ ఎక్కకుండా, ఏ సర్టిఫికెట్టూ లేకుండా, చేతి పనిలో పండిపోయిన మనుషులు. మన తాలూకాలోనూ, గడి దాటితే అటు ధర్మవరం, మడకశిర వైపూ ఇలాంటివాళ్లు పుట్టారు, ఇంకా ఉన్నారు.

వాళ్ల గురించి మన గ్రూపుల్లో పోస్టులు రావడం మామూలే. శాలువా కప్పిన ఫోటో, కింద నాలుగు లైన్లు. "నిరుపేద కుటుంబంలో పుట్టి, బడి మొహం చూడకుండా, ఏ గురువూ లేకుండా, స్వయంకృషితో..." అని ఉంటుంది. లైకులు పడతాయి. "గ్రేట్ సార్", "మన ఊరి ముద్దుబిడ్డ" అని కామెంట్లు పడతాయి. రెండు రోజులకు ఆ పోస్టు కిందికి జారిపోతుంది.

ఈ రాతలో ప్రేమ ఉంది, కాదనం. కానీ దీనివల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయని మా అభిప్రాయం. ఒకటి, ఆ మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో రాస్తున్నాం గానీ ఆ పని ఎలా చేస్తాడో రాయడం లేదు. పేదరికం తెలుస్తుంది, పనితనం తెలియదు. రెండోది, "ఏ గురువూ లేకుండా" అన్న మాట చాలాసార్లు నిజం కాదు. గురువు ఉంటాడు, కాకపోతే ఆ గురువుకు బోర్డు ఉండదు, జీతం ఉండదు. ఆ గురువు పేరు కొట్టేశామంటే ఆ విద్య ఎలా వచ్చిందో తెలియదు, ఎలా పోతుందో అంతకన్నా తెలియదు.

ముందు మన తాలూకా మనిషి సంగతే చూద్దాం.

సూలగిత్తి నరసమ్మవ్వ. కన్నడంలో సూలగిత్తి, మన తెలుగులో మంత్రసాని. 1920లో పుట్టింది, పావగడ తాలూకా కృష్ణాపురం. ఆమె మాతృభాష తెలుగు. బడికి పోలేదు. పన్నెండేళ్లకే పెళ్లి. పన్నెండు మంది పిల్లలను కన్నది, వాళ్లలో నలుగురు చిన్నప్పుడే పోయారు. డెబ్బై ఏళ్లకు పైగా కాన్పులు చేసింది, పదిహేను వేలకు పైగా అని లెక్క. డబ్బు తీసుకోలేదు. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే డిసెంబర్ 25న, తొంభై ఎనిమిదేళ్ల వయసులో, బెంగళూరు ఆసుపత్రిలో కన్నుమూసింది.

ఇంతవరకు మనందరికీ తెలుసు. ఎవరిని అడిగినా ఈ అంకెలు చెబుతారు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆమె ఆ పని ఎలా చేసేది? మనలో ఎంతమందిమి చెప్పగలం?

చెప్పుకోదగ్గ సంగతులు ఉన్నాయి. ఆమెకు ఈ పని నేర్పింది వాళ్ల అవ్వ మరిగెమ్మ. నరసమ్మవ్వ సొంత కాన్పుల్లో అయిదు చేసింది కూడా ఆ మరిగెమ్మే. అంటే పాఠం మొదట ఒంటి మీదే నేర్చుకుంది. నొప్పి పడుతున్నప్పుడు పక్కన ఉండే చెయ్యి ఎక్కడ ఆనితే హాయిగా ఉంటుందో, ఏ మాట అంటే ధైర్యం వస్తుందో, ఏ మాట అంటే భయం పెరుగుతుందో, పడ్డ మనిషికి తెలిసినట్టు చూసిన మనిషికి తెలియదు. 1940లో, ఇరవై ఏళ్ల వయసులో, సొంత బంధువు కాన్పుకు సాయం చేయడంతో ఆమె పని మొదలైంది.

ఇంకో గురువులూ ఉన్నారు. ఊరి మీదికి వచ్చి పోయే సంచార జాతుల వాళ్లు. వాళ్లకు ఈమె సాయం చేసేది, వాళ్ల దగ్గర గర్భిణులకు ఇచ్చే ఆకుమందులు తయారుచేయడం నేర్చుకుంది. మనం ఊరి బయట గుడారం వేసుకున్నారని గుర్తుపెట్టుకునే మనుషుల దగ్గర ఒక మంత్రసాని పాఠం చెప్పించుకుంది. "స్వయంకృషి" అని ఒక్క మాటలో కొట్టేస్తే ఆ మరిగెమ్మా పోతుంది, ఆ గుడారాలవాళ్లూ పోతారు.

ఇక పనితనం. కడుపు మీద చెయ్యి పెట్టి బిడ్డ నాడి ఎలా ఉందో, తల ఎటు తిరిగి ఉందో చెప్పేదని పేరు. ఇది మాయ కాదు. ఏ వేలు ఎక్కడ ఎంత నొక్కాలి, గట్టిగా గుండ్రంగా తగిలేది ఏది, మెత్తగా తగిలేది ఏది అన్న తేడా వేల కడుపుల మీద పట్టుబడిన విద్య. నర్సింగ్ కాలేజీలో కూడా కడుపు తడిమి బిడ్డ ఎలా ఉందో తెలుసుకోవడం పాఠంగా చెబుతారు. తేడా ఏమిటంటే, అక్కడ పుస్తకం ఉంది, ఇక్కడ మరిగెమ్మ చెయ్యి ఉంది.

"అయితే మళ్లీ ఇళ్లలో మంత్రసానుల చేత కాన్పులు చేయించమంటారా?" అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. మేము అనడం లేదు. రక్తస్రావం ఆగకపోతే, బిడ్డ అడ్డం తిరిగితే, బీపీ పెరిగితే ఆసుపత్రే దిక్కు. పాత రోజుల్లో పురిట్లో పోయిన తల్లుల కథ లేని ఇల్లు మన పల్లెల్లో తక్కువ. ఆసుపత్రి కాన్పులు పెరగడం మంచిదే, ఆ విషయంలో వెనక్కి పోవాల్సిన పని లేదు.

కానీ ఒక్క సంగతి గమనించండి. నరసమ్మవ్వ పోయిన ఆ 2018 డిసెంబర్‌లోనే కేంద్ర ఆరోగ్య శాఖ మన దేశంలో మిడ్‌వైఫరీ సేవల కోసం మార్గదర్శకాలు విడుదల చేసింది. నర్సులకు పద్దెనిమిది నెలలు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి, మామూలు కాన్పులను వాళ్ల చేతికి అప్పగించాలని అందులో ఉంది. తల్లిని గౌరవంగా చూడాలి, కాన్పు గదిలో ఆమెకు తోడు ఉండాలి అన్న ఆలోచనకు అందులో పెద్ద పీట. అంటే కసరకుండా పక్కనే కూర్చునే మనిషి విలువ ఏమిటో ప్రభుత్వం పుస్తకంలో రాసుకుంటున్న నెలలోనే, ఆ పని డెబ్బై ఏళ్లు చేసిన మన జిల్లా మనిషి కన్నుమూసింది. మన తాలూకాలో డ్యూటీ చేసే నర్సమ్మ ఒకామె "అవ్వ ఏం చేసేదట?" అని ఇవాళ మనల్ని అడిగితే, చెప్పడానికి మన దగ్గర అంకె ఉంది, అవార్డు ఉంది. ఆ పద్ధతి ఎంత ఉంది?

ఇప్పుడు గడి దాటి అటు చూద్దాం.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట. ఒకప్పుడు అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆర్ట్ కాలేజీ పట్టా కాదు, ఇంట్లో పెద్దలను చూసి నేర్చిన విద్య. ఆంధ్రలో తోలుబొమ్మలాట కుటుంబాలు చాలావాటికి మరాఠీ మూలాలు. ఇంటి మాట ఒకటి, తెర వెనుక పాడేది తెలుగు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే మన పావగడ పిల్లలకు ఇది ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

వాళ్ల గురించీ పేపర్లలో వచ్చేది ఎక్కువగా నేపథ్యమే. "అంతరించిపోతున్న కళ", "ఆదరణ లేక అలమటిస్తున్న కళాకారులు". పని మాటేమిటి? ఆ బొమ్మ ఎలా తయారవుతుందో ఒక్కసారి వరసగా చెప్పుకుందాం. ఆ పనిలో ఎంత బుర్ర ఉందో అప్పుడు తెలుస్తుంది.

మేక తోలు తెస్తారు. పూర్వం దేవతా పాత్రలకు జింక తోలు వాడే ఆనవాయితీ ఉండేది, 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అది కుదరదు. తోలును వేడి నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ గీకేస్తారు. చెప్పులకు చేసినట్టు పదును పెట్టరు. సాగదీసి, చుట్టూ మేకులు కొట్టి ఎండబెడతారు. అప్పుడది పల్చగా, వెలుగు దూరేలాగా తయారవుతుంది. ఇక్కడే మొదటి తెలివి ఉంది. ఎక్కువ గీకితే చిరుగుతుంది, తక్కువ గీకితే దీపం వెలుగు అవతలికి రాదు. ఎక్కడ ఆపాలో చెయ్యే చెప్పాలి.

తర్వాత గీత. సూది మొన లాంటిదానితో ముందు ఆకారం గీసి, నల్ల గీత దిద్ది, అంచు వెంబడి కోస్తారు. ఆ తర్వాత చెక్క మీద పెట్టి చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. కిరీటం, హారాలు, వడ్డాణం, చీర అంచు, అన్నీ రంధ్రాలే. ఎందుకు? రంగు వేసిన తోలులోంచి వెలుగు రంగుగా, మసకగా వస్తుంది. రంధ్రంలోంచి వెలుగు తెల్లగా, నేరుగా వస్తుంది. తెర మీద చూసేవాడికి ఆ చుక్కలు ముత్యాలు, వజ్రాలు. అంటే ఈ కళాకారుడు నగలను రంగుతో వేయడు, తోలును తీసేసి వేస్తాడు. పగలు చేత్తో పట్టుకుని చూస్తే మామూలు బెజ్జాలు. రాత్రి దీపం ముందు పెడితే నగ. ఈ లెక్క ముందే మనసులో లేకపోతే ఒక్క రంధ్రం కూడా సరైన చోట పడదు.

రంగులు రెండు వైపులా వేస్తారు. బొమ్మ ఇటు తిరిగినా అటు తిరిగినా ఒకేలా కనపడాలి కదా. భుజం, మోచెయ్యి, మణికట్టు దగ్గర ముక్కలు విడిగా కోసి దారంతో ముడి వేస్తారు. ముడి బిగిస్తే చెయ్యి కదలదు, వదులైతే వేలాడుతుంది. నడుమ వెదురు బద్ద, చేతులకు పుల్లలు. ఇంత చేస్తే అది బొమ్మ. ఇంకా ఆట కాలేదు.

తెల్ల పంచెలు బిగించి కట్టిన తెర, వెనక వెలుగు. ఒకప్పుడు నూనె దీపాలు, ఇప్పుడు కరెంటు బల్బులు. బొమ్మను తెరకు ఆనిస్తే గీత స్పష్టంగా కనపడుతుంది, వెనక్కి లాగితే మసకబారుతుంది. నూనె దీపం మంట కదిలితే బొమ్మ ఊపిరి తీసుకున్నట్టే ఉండేది. ఆడించేవాడు రెండు చేతులా బొమ్మ ఆడిస్తూ, నోటితో పాడుతూ, కాలికింది చెక్కతో చప్పుడు చేయాలి. రామాయణం నడుస్తుండగా మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి ఊరి సంగతులు కలిపి నవ్వించాలి. ఆ నవ్వు ఏ పుస్తకంలోనూ ఉండదు, ఆ ఊళ్లో ఆ వారం ఏం జరిగిందో తెలుసుకుని ఆ రాత్రి పుట్టించాలి. ఇదంతా ఒక్క మనిషి ఒంట్లో ఉన్న చదువు. దీన్ని "చదువు లేని కళాకారుడు" అని రాస్తే ఏం రాసినట్టు?

ఇప్పుడు నిమ్మలకుంటలో ఎక్కువగా తయారయ్యేది ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు. మనలో కొందరు దీన్ని తప్పు పడతారు, "కళను అమ్ముకుంటున్నారు" అని. మాకు ఆ మాట నచ్చదు. కూడు పెట్టేది అదే అయినప్పుడు దాన్ని తప్పనడానికి మనమెవరం? ల్యాంప్‌షేడ్ వల్ల తోలు గీకడం, గీత, రంధ్రం, రంగు బతికాయి. కానీ లెక్క సరిగ్గా చూసుకుందాం. ల్యాంప్‌షేడ్‌కు మోచేతి ముడి అక్కర్లేదు. దానికి గొంతు అక్కర్లేదు, కేతిగాడు అక్కర్లేదు. సగం విద్య బజారు బతికించింది, మిగతా సగాన్ని ఎవరు బతికిస్తారన్నది బజారును అడగాల్సిన ప్రశ్న కాదు, మనలాంటి సంఘాలను అడగాల్సిన ప్రశ్న.

"నిజంగానే ఎవరి దగ్గరా నేర్చుకోనివాళ్లు ఉండరా?" అనవచ్చు. బాపు గారినే తీసుకోండి. చదివింది లా, ఆర్ట్ స్కూలు కాదు. తెలుగువాళ్లలో స్వయంగా బొమ్మలు నేర్చుకున్నవాళ్లు అంటే మొదట చెప్పే పేరు. ఆయన కూడా తమిళ పత్రికల చిత్రకారుడు గోపులు పేరు భక్తితో చెప్పుకునేవారు. చందమామ వడ్డాది పాపయ్య గారికి తండ్రి దగ్గరే అక్షరాభ్యాసం, ఎదురుగా రవివర్మ బొమ్మలు. అంటే అచ్చుబొమ్మ కూడా గురువే. ఒక బొమ్మను పదిసార్లు చూసి గీసిన పిల్లవాడికి ఆ బొమ్మ వేసినవాడు పాఠం చెప్పినట్టే. బడి లేకపోవడం వేరు, గురువు లేకపోవడం వేరు. ఈ రెండింటినీ మనం కలిపేస్తున్నాం.

ఇది మాటల గొడవలా అనిపించవచ్చు. కాదు. "తనంతట తనే నేర్చుకున్నాడు" అని నమ్మితే, ఇంకో పిల్లవాడు కూడా తనంతట తనే నేర్చుకుంటాడులే అని ఊరుకుంటాం. వాన పడితే గడ్డి మొలిచినట్టు కళాకారులు మొలుస్తారని అనుకుంటాం. మన తాలూకాలో వాన సంగతే మనకు తెలుసు. విద్య ఒక చేతి నుంచి ఇంకో చేతికి వచ్చిందని తెలిస్తే మాత్రం, ఇప్పుడున్న చేతి పక్కన ఇంకో చెయ్యి ఉందా లేదా అని చూస్తాం.

పావగడకు ఇంకో చిక్కు ఉంది. మన చుట్టూ దాదాపు అంతా ఆంధ్ర, పరిపాలన కర్ణాటక. మన ఆడవాళ్లు పాడే పెండ్లి పాటలు, సువ్వి పాటలు, భజనలు, కోలాటాల్లో ఎక్కువ భాగం తెలుగు. వాటిని సేకరించే పని ఎవరిది అంటే, "అది తెలుగు కదా" అని ఇటువాళ్లు అటు చూపవచ్చు, "అది కర్ణాటక కదా" అని అటువాళ్లు ఇటు చూపవచ్చు. అయితే దీన్ని ఏడుపు కింద మార్చుకోవద్దని మా మనవి. నరసమ్మవ్వ మాతృభాష తెలుగు. ఆమెకు డాక్టరేట్ ఇచ్చింది తుమకూరు విశ్వవిద్యాలయం. ఆ గౌరవానికి భాష అడ్డం రాలేదు. మనం పని చూపించగలిగితే వినేవాళ్లు ఉన్నారు. చూపించడానికి మన చేతిలో ఏదైనా ఉండాలి గదా.

అందుకని సంఘం ముందు నాలుగు మాటలు పెడుతున్నాం.

ఒకటి. ఇకమీదట ఏ కళాకారుడి గురించి, కళాకారిణి గురించి మన గ్రూపులో రాసినా, కష్టాలకు నాలుగు లైన్లు రాస్తే పనికి పది లైన్లు రాయాలి. అడగాల్సిన ప్రశ్నలు ఇవీ: మొదట ఎవరిని చూసి నేర్చుకున్నారు? ఏ సామాను వాడతారు, ఎక్కడ దొరుకుతుంది? పనిలో కష్టమైన చోటు ఏది? పని చెడిందని మీకు ఎలా తెలుస్తుంది? ఇప్పుడు మీ దగ్గర ఎవరు నేర్చుకుంటున్నారు? ఆఖరి ప్రశ్నకు "ఎవరూ లేరు" అని జవాబు వస్తే, ఆ పోస్టు అభినందన పోస్టు కాదు, హెచ్చరిక పోస్టు.

రెండు. ఫోన్లు అందరి చేతుల్లో ఉన్నాయి. రీల్స్ తీసే పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. ముఖం మీద కాదు, చేతుల మీద పెట్టి తీయమని చెబుదాం. నిమిషం వీడియో కాదు, పని మొదలు నుంచి చివరదాకా. పాటైతే పూర్తి పాట, పాడినామె పేరు, ఊరి పేరు, ఎవరి దగ్గర నేర్చుకుందో ఆ పేరు. వాళ్లు ఒప్పుకుంటేనే బయట పెట్టాలి. వద్దంటే సంఘం దగ్గర దాచిపెట్టాలి. అది వాళ్ల సొత్తు, మనది కాదు.

మూడు. శాలువాతో సరిపెట్టడం ఆపుదాం. ప్లంబర్‌ను పిలిచి శాలువా కప్పి పంపిస్తామా? కళాకారుణ్ణి మాత్రం వార్షికోత్సవానికి పిలిచి, రెండు గంటలు పాడించుకుని, ఒక జ్ఞాపిక చేతిలో పెట్టి బస్సు ఎక్కిస్తాం. ఆ రోజు కూలి పోయిన సంగతి ఎవరూ అడగరు. పిలిస్తే ముందే మాట్లాడుకుని డబ్బు ఇద్దాం. జ్ఞాపికకు అయ్యే ఖర్చు కూడా అందులోనే కలుపుదాం.

నాలుగు, అన్నింటికన్నా ముఖ్యమైనది. సెలవుల్లో మన పిల్లల్లో ఇద్దరినో ముగ్గురినో ఒక పనివారి పక్కన కూర్చోబెడదాం. నేర్పినందుకు ఆ పెద్దమనిషికి రోజుకు ఇంత అని సంఘం ఇవ్వాలి. పిల్లలు అందరూ కళాకారులు కానక్కర్లేదు. నిమ్మలకుంటకు పోయి ఒక వారం తోలు గీకి వచ్చిన పిల్లవాడు రేపు ఇంజనీరు అయినా, ఒక బొమ్మ వెనక ఎంత పని ఉందో తెలిసిన ఇంజనీరు అవుతాడు. పిల్లల్లో ఒక్కరికి చెయ్యి పట్టుబడినా లాభమే.

ఇందులో ఖర్చు పెద్దగా లేదు. మన సంఘం ఒక్క సన్మాన సభకు పెట్టే డబ్బుతో మొదటి ఏడాది గడిచిపోతుంది. కావలసింది ఓపిక. మన ఇళ్లలో ఇంకా ఎనభై ఏళ్ల అవ్వలు ఉన్నారు, పాటలు పూర్తిగా గుర్తున్నవాళ్లు, చాట అల్లేవాళ్లు, కుండ కొట్టేవాళ్లు, కోలాటం నేర్పేవాళ్లు ఉన్నారు. వాళ్లను స్వయంకృషి అని పొగిడి వదిలేస్తే వాళ్లతోనే పోతుంది. పక్కన కూర్చుని "ఇది ఎట్ల చేస్తావవ్వా, ఎవరు నేర్పినారు నీకు?" అని అడిగితే కొంతైనా మిగులుతుంది.

మీ ఊళ్లో అలాంటివాళ్లు ఎవరున్నారో కింద రాయండి. పేరు పెట్టేముందు వాళ్లను ఒక మాట అడగండి. వాళ్ల పేరుతో పాటు, వాళ్లకు నేర్పినవాళ్ల పేరు కూడా తప్పకుండా రాయండి. వచ్చే మీటింగులో ఆ జాబితా చూసుకుని, ముందు ఎవరి ఇంటికి పోవాలో తేల్చుకుందాం. వయసులో పెద్దవాళ్లతో మొదలుపెడితే మంచిది.